ఒంటి కదలికతో ఫోన్ చార్జింగ్: సైకిల్ డైనమో, తొక్కుడు స్టాండు, హ్యాండిల్ చార్జర్, చెప్పుల్లో పలక – ఎవరికి ఏది?

ముందు ఫోన్ బ్యాటరీ మీది అంకెలు చూడండి. కీప్యాడ్ ఫోనైతే 1000 ఎంఏహెచ్ అటూ ఇటూ, 3.7 వోల్టులు. అంటే 3.7 వాట్-అవర్లు. స్మార్ట్‌ఫోనైతే 5000 ఎంఏహెచ్, 3.85 వోల్టులు, అంటే 19 వాట్-అవర్ల పైచిలుకు. మధ్యలో వైర్లు, సర్క్యూటు తినేది కలుపుకుంటే మొదటిదానికి 5, రెండోదానికి 25 వాట్-అవర్లు పుట్టించాలి. ఒక వాటు చొప్పున గంటసేపు ఇస్తే ఒక వాట్-అవర్. కాబట్టి ఏ వస్తువు కొన్నా దుకాణంలో అడగాల్సింది ఒక్కటే: నిలకడగా ఎన్ని వాట్లు ఇస్తది? ‘యూఎస్‌బీ ఉంది సార్’ అంటే అది జవాబు కాదు.

ఈ కరెంటు ఊరికే పుట్టదు. కండరం తన ఖర్చులో నాలుగో వంతునే పనిగా మారుస్తుంది, మిగతాదంతా వేడి, చెమట. డైనమో, సర్క్యూటు కలిసి 60 శాతం నిలబెడతాయనుకుంటే, ఫోన్‌లోకి 20 వాట్-అవర్లు చేరడానికి ఒంట్లో 115 కేలరీలు ఖర్చవుతాయి. 33 గ్రాముల జొన్నపిండి, అంటే ఒక పల్చటి రొట్టె. చూడబోతే చౌకే. కానీ ఆ రొట్టె బలాన్ని ఏ అవయవం నుంచి, ఎంతసేపట్లో, ఏ పని మధ్యలో తీస్తున్నామన్న దగ్గరే తేడా అంతా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి కాళ్లు గంటసేపు 75 వాట్ల పని చేయగలవు. చేతులు 15, 20 వాట్ల దగ్గరే అలసిపోతాయి.

ఇంకో మాట కూడా ముందే తేల్చుకోవాలి. 2018 జనవరి 1 నుంచి ఎవుసానికి 24 గంటల కరెంటు వచ్చాక, పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ఇంట్లో ఫోన్ పెట్టుకోవడానికి ఈ తిప్పలు అక్కర్లేదు. ఈ పరికరాలు కావాల్సింది వేరేవాళ్లకు: మందతో నెలల తరబడి ఊరు విడిచి తిరిగే గొల్లకురుమలకు, అమ్రాబాద్ అడవిలో లైను చేరని చెంచు పెంటలకు (గూడేలకు), అచ్చంపేట వైపు పల్లిచేను కాడ రాత్రంతా అడవిపందులకు కాపలా ఉండేవాళ్లకు, సైకిల్ మీద బడికి పోయే పిల్లలకు, ఎండాకాలం గాలిదుమారానికి స్తంభాలు పడి రెండు రోజులు చీకట్లో ఉండే ఇళ్లకు. మీరు వీళ్లలో ఎవరో చూసుకుని కింది భాగాల్లోకి వెళ్లండి.

సైకిల్ మీద రోజూ పోయేవాళ్లకు: డైనమో

ఈ నాలుగింటిలో మేం నిస్సంకోచంగా ముందు పెట్టేది ఇదే. ఎందుకంటే ఎట్లాగూ తొక్కుతున్నారు, కొత్తగా సమయం పెట్టనక్కర్లేదు. దీంట్లో రెండు రకాలున్నాయి. టైరు పక్కన రాసుకుంటూ తిరిగే సీసా డైనమో, ముందు చక్రం ఇరుసులోనే ఉండే హబ్ డైనమో. రెండింటి మీదా మామూలుగా 6 వోల్టులు, 3 వాట్లు అని రాసి ఉంటుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగానికి ఆ లెక్క.

సీసా డైనమోకు చౌక, తేలిక, ఏ సైకిల్‌కైనా అమరడం అనే సుగుణాలున్నాయి. దోషాలు కూడా తక్కువేం కాదు. వానాకాలంలో ఎర్రమట్టి, నల్లరేగడి బురద టైరుకు పట్టగానే పళ్ల చక్రం జారిపోతుంది, కరెంటు ఆగిపోతుంది. గట్టిగా ఆనిస్తే టైరు గోడ అరుగుతుంది. కాలికి బరువు కూడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే చౌక రకాలు తీసుకున్న శక్తిలో సగం కూడా కరెంటుగా ఇవ్వవు. హబ్ డైనమోకు బురదతో పని లేదు, బరువు దాదాపు తెలియదు. అయితే ధర చాలా ఎక్కువ, పైగా చక్రం కొత్తగా పుల్లలు వేసి అల్లించాలి. రోజుకు పది కిలోమీటర్లు దాటి, మూడు నాలుగేళ్లు అదే సైకిల్ వాడేవాళ్లకు హబ్ తీసుకోమంటాం. మిగతావాళ్లకు సీసా చాలు. డైనమో ఇరుసు గీత చక్రం మధ్య ఇరుసుకు గురిగా ఉండేలా బిగిస్తే అరుగుదల తగ్గుతుంది. చాలా సైకిల్ షాపుల్లో ఈ గురి చూడకుండానే బిగించి పంపుతారు.

డైనమో ఇచ్చేది ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటు. ఫోన్‌కు కావాల్సింది ఒకే దిశలో పోయే డీసీ. నేరుగా ఫోన్‌కు కలిపితే ఫోన్ పోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు భాగాలతోనే సర్క్యూటు అయిపోతుంది. వరుస ఇది:

మొదట నాలుగు ఎస్‌బీ5100 షాట్కీ డయోడ్లతో బ్రిడ్జి, అంటే ఏసీని డీసీగా మార్చే అమరిక. మామూలు సిలికాన్ డయోడ్లు వాడితే ఆరు వోల్టుల్లో వోల్టున్నర అక్కడే పోతుంది, షాట్కీకి అందులో సగమే. బ్రిడ్జి తర్వాత 2200 మైక్రోఫారడ్లు, 63 వోల్టుల కెపాసిటర్. ఆ తర్వాత 5 వోల్టులకు తగ్గించే ఎల్ఎం2596హెచ్‌వీ మాడ్యూలు. చివర ‘హెచ్‌వీ’ ఉన్నదే కావాలి. మామూలు ఎల్ఎం2596 తట్టుకునేది 40 వోల్టులే. బ్యాటరీ నిండి లోడు (లాగే కరెంటు) తగ్గిన సమయంలో దేవరకొండ దారిలో ఒక దిగుడు వచ్చిందనుకోండి, డైనమో వోల్టేజీ ఆ హద్దు దాటిపోగలదు. సర్క్యూటు కాలేది తొక్కేటప్పుడు కాదు, దిగుడులోనే. సీసా డైనమో అయితే నిండగానే టైరు మీంచి పక్కకు లేపేయడం అన్నిటికన్నా మంచిది.

5 వోల్టులు వచ్చాయి కదా అని ఫోన్ తగిలించకండి. మలుపులో, గేదెలు అడ్డం వచ్చినప్పుడు, చెరువుకట్ట ఎక్కుతున్నప్పుడు వేగం ఏడెనిమిది కిలోమీటర్లకు పడితే కరెంటు తెగుతుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ తెగుతుంది. అలా తెగిన ప్రతిసారీ ఫోన్ తెర వెలుగుతుంది. ఇంటికి చేరేసరికి ఎక్కిన చార్జింగ్ కన్నా తెర తిన్నదే ఎక్కువని తేలుతుంది. అందుకే మధ్యలో ఒక 18650 లిథియం సెల్లు, దానికి టీపీ4056 చార్జింగ్ మాడ్యూలు (బ్యాటరీ రక్షణ సర్క్యూటు ఉన్న రకం) పెట్టాలి. మాడ్యూలు వచ్చేటప్పుడు 1.2 కిలోఓమ్‌ల రెసిస్టరుతో 1 ఆంపియర్ లాగేలా ఉంటుంది. 3 వాట్ల డైనమో అంత ఇవ్వలేక వోల్టేజీ కూలిపోతుంది. ఆ రెసిస్టరు తీసేసి 3 కిలోఓమ్‌లది వేస్తే 400 మిల్లీఆంపియర్ల దగ్గర నిలుస్తుంది, డైనమోకు అది సరిపోతుంది. ఇంటికి వచ్చాక, లేదా బడి మెట్ల మీద కూర్చుని, ఆ సెల్లు నుంచి వోల్టేజీ పెంచే బూస్ట్ మాడ్యూలు ద్వారా ఫోన్‌కు ఎక్కించుకోవాలి.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది. సీసా డైనమో తీగచుట్ట ఒక కొస దాని ఇనుప ఒంటికే, అంటే సైకిల్ ఫ్రేముకే కలిసి ఉంటుంది. బ్రిడ్జి తర్వాత వచ్చే మైనస్ తీగ మాత్రం ఫ్రేముకు తగలకూడదు. తగిలితే ఒక డయోడు షార్టయి, సగం అల వృథాగా పోయి డైనమో మొరాయిస్తుంది. యూఎస్‌బీ సాకెట్ ఇనుప తొడుగు కూడా మైనస్సే. అది హ్యాండిల్‌కు ఆనినా ఇదే కథ. డబ్బా మొత్తం ప్లాస్టిక్‌ది వాడి, డైనమో నుంచి రెండు తీగలు విడిగా తెచ్చుకోండి. ఫ్రేము మీద రంగు ఉన్నచోట డైనమో బిగిస్తే కొస సరిగా కలవదు కాబట్టి స్క్రూ కింద రంగు గీకాలి.

లిథియం సెల్లును 45 డిగ్రీల పైన చార్జ్ చేయకూడదు. మే నెలలో నల్లగొండలో గాలే ఆ దరిదాపుల్లో ఉంటుంది, ఎండలో ఉన్న నల్ల డబ్బా సంగతి చెప్పక్కర్లేదు. చౌక టీపీ4056 బోర్డుల్లో వేడి కొలిచే కాలు నేరుగా గ్రౌండుకు కలిపి ఉంటుంది, అంటే అవి వేడిని చూడవు. డబ్బాను క్యారియర్ మీద కాక సీటు కింద నీడలో కట్టండి. తెల్ల డబ్బా అయితే ఇంకా మంచిది. నడి ఎండలో తొక్కాల్సి వస్తే డైనమో లేపేయండి.

ఇంతా చేస్తే వచ్చేదెంత? సెల్లులోకి చేరేది 1.5 నుంచి 2 వాట్లు. ఊరి నుంచి మండలం హైస్కూలుకు 8 కిలోమీటర్లు, పోనురాను గంటా ఇరవై నిమిషాలు అనుకుంటే రోజుకు రెండు, రెండున్నర వాట్-అవర్లు. కీప్యాడ్ ఫోన్ రెండు రోజుల తొక్కుడుకు నిండుతుంది, అది మూడు నాలుగు రోజులు నడుస్తుంది కాబట్టి హాయిగా సరిపోతుంది. స్మార్ట్‌ఫోన్‌కు పది రోజులు కావాలి. సెల్లుకు 1 వాటు ఎల్ఈడీ ఒకటి తగిలించుకుంటే పొద్దుగూకాక చదువుకు రోజూ గంటన్నర, రెండు గంటలు వెలుగు. పిల్లలున్న ఇంట్లో ఫోన్ కన్నా ఈ దీపమే ముఖ్యమని మా అభిప్రాయం.

పదిమందికి ఒక చోట: తొక్కుడు స్టాండు

పెంటలో, గాలిదుమారం తర్వాత బడిలో, లేదా పంచాయతీ ఆఫీసులో నాలుగైదు ఫోన్లు ఒకేసారి ఎక్కించాలంటే నిలబెట్టిన సైకిల్ కావాలి. పాత ఎలక్ట్రిక్ స్కూటర్ల నుంచి వచ్చే 24 వోల్టులు, 250 వాట్ల బ్రష్ డీసీ మోటారు (ఎంవై1016 రకం) దీనికి సరిగ్గా అమరుతుంది. తిప్పితే అదే జనరేటరు, వెయ్యి చుట్లకు దాదాపు 8 వోల్టులు ఇస్తుంది.

మన పాత 28 అంగుళాల సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనుక 18 పళ్లు ఉంటే, నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పినప్పుడు వెనుక చక్రం 147 చుట్లు తిరుగుతుంది. టైరుకు ఆనించిన 40 మిల్లీమీటర్ల రోలరు మోటారును దాదాపు 2570 చుట్లు తిప్పుతుంది. లోడు లేకుండా 20 వోల్టులు. లోడు పెట్టినా 16, 17 నిలుస్తుంది. రోలరుకు గరుకు టైరు పనికిరాదు, మోత, జారుడు, వేడి. అరిగిన నున్నటి టైరులో గాలి గట్టిగా నింపి వాడాలి. ఎక్కువ రోజులు నడపాలంటే టైరు, ట్యూబు తీసేసి రిమ్ము గాడిలోనే బెల్టు వేసి మోటారు పుల్లీకి కలపండి. శబ్దం పోతుంది, కాలికీ తేలిక.

మోటారు ప్లస్ తీగకు 10 ఆంపియర్ల షాట్కీ డయోడు (ఎంబీఆర్1045), ఆ తర్వాత 5 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి. డయోడు లేకపోతే, బ్యాటరీ కలిపి ఉన్నప్పుడు తొక్కడం ఆపగానే మోటారు బ్యాటరీ నుంచే కరెంటు లాగి చక్రం తిప్పుతుంది. పక్కన పిల్లల వేళ్లుంటే ప్రమాదం. చైనుకు, బెల్టుకు రేకు అడ్డం కట్టండి.

12 వోల్టులు, 7 ఆంపియర్-అవర్ల మూసిన లెడ్ బ్యాటరీ పెట్టుకుంటే వోల్టేజీని 14.4 దాటనీయకూడదు, 2 ఆంపియర్ల కన్నా ఎక్కువ ఎక్కించకూడదు. అంటే మీరు ఎంత బలంగా తొక్కినా అది తీసుకునేది 28 వాట్లే. గంట తొక్కితే తిరిగి వచ్చేది 18, 20 వాట్-అవర్లు. అందుకే తొక్కే సమయంలో ఫోన్లు అక్కడే ఉంటే బ్యాటరీ లేకుండా నేరుగా 5 వోల్టుల మాడ్యూలుకు కలపమంటాం. 40 వాట్లు నిలకడగా వస్తే నాలుగు ఫోన్లు ఒకేసారి ఎక్కుతాయి. లోడు పెరగగానే పెడలు బరువెక్కడం తెలుస్తుంది, అది మంచి మీటరే.

ఒకరే గంట తొక్కొద్దు. 50 వాట్ల పని చేసే ఒంట్లో 150 వాట్ల వేడి అదనంగా పుడుతుంది. ఎండాకాలంలో పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం ఆరు తర్వాత, మనిషికి ఇరవై నిమిషాల వంతు, పక్కన నీళ్ల బిందె.

రెండు వస్తువుల జోలికి పోకండి. కారు ఆల్టర్నేటరు తన అయస్కాంతాన్ని నిలబెట్టుకోవడానికే రెండు మూడు ఆంపియర్లు తింటుంది, మీ కాలి బలంలో సగం అక్కడే ఆవిరి. పాత సీలింగ్ ఫ్యాను మోటారులో శాశ్వత అయస్కాంతమే ఉండదు, ఉత్తగా తిప్పితే ఏమీ రాదు.

హ్యాండిల్ చార్జర్, నొక్కుడు టార్చి

ఇది ఆపద వస్తువు. సెకనుకు రెండు చుట్లు తిప్పితే చిన్న హ్యాండిల్ చార్జర్ 1 నుంచి 2 వాట్లు ఇస్తుంది, మంచిదైతే 3. ఐదు నిమిషాలు తిప్పితే కీప్యాడ్ ఫోన్‌లో ఎనిమిది పది నిమిషాల మాటకు సరిపడా ఎక్కుతుంది. 108కి ఫోన్ చేయడానికి అది చాలు. పూర్తిగా ఆరిపోయిన స్మార్ట్‌ఫోన్ లేచి నిలబడటానికి మాత్రం పావుగంట, ఇరవై నిమిషాలు తిప్పాలి, అప్పటికి మణికట్టు లాగుతుంటుంది. ప్లాస్టిక్ పళ్ల చక్రాలున్నవి ఒక వానాకాలం దాటవు. హ్యాండిల్ పట్టుకుని అడ్డంగా ఊపితే కడకడలాడేది కొనకండి.

నొక్కుడు టార్చి కొనేటప్పుడు చిన్న పరీక్ష: నొక్కకముందే స్విచ్ వేయండి. కొత్త పెట్టెలోంచి తీసిన వెంటనే బాగా వెలిగితే లోపల మామూలు బిళ్ల బ్యాటరీ ఉందేమో విప్పించి చూడండి. అది అయిపోయాక ఎంత నొక్కినా వెలగదు. రాత్రి చేను కాడికి పోయేవాళ్లకు పామూ తేలూ చూసుకోవడానికి మంచి నొక్కుడు టార్చి ఒకటి మొలకు ఉండాలి. ఫోన్ కోసం దాన్ని నమ్ముకోవద్దు.

నడకతో పుట్టే కరెంటు

మందతో రోజుకు నాలుగైదు గంటలు నడిచే కాపరిని చూస్తే, చెప్పుల్లోనే కరెంటు పుడితే ఎంత బాగుండు అనిపిస్తుంది. ఆ ఆశ తప్పు కాదు. 68 కిలోల మనిషి మడమ 5 సెంటీమీటర్లు కిందికి దిగితే, సెకనుకు రెండడుగుల లెక్కన 67 వాట్లవుతుందని 1996లోనే పరిశోధకుడు థాడ్ స్టార్నర్ లెక్కగట్టారు. కానీ అంత కిందికి దిగే చెప్పు తొడుక్కుని నడవడం ఇసుకలో నడిచినట్టే.

నిజంగా చేసి కొలిచినవాళ్లున్నారు. 1998, 2001 మధ్య అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ పారడిసో బృందం బూటు అడుగున పీజో పలకలు (నొక్కితే, వంచితే కరెంటు పుట్టేవి) పెట్టింది. మెత్తటి పీవీడీఎఫ్ ప్లాస్టిక్ రేకుతో సగటున 1.3 మిల్లీవాట్లు, గట్టి పీజెడ్‌టీ పలకతో 8.4 మిల్లీవాట్లు వచ్చాయి. వాట్లు కావు, వాటులో వెయ్యోవంతులు. రెండు చెప్పులకూ 8.4 చొప్పున వేసుకుని నాలుగు గంటలు నడిస్తే 0.067 వాట్-అవర్. కీప్యాడ్ ఫోన్ ఒక్కసారి నిండటానికి, సర్క్యూటు ఏమీ తినకపోయినా, 55 రోజులు. స్మార్ట్‌ఫోన్‌కు 280 రోజులు దాటుతుంది. అదే బూటుకు మడమ కింద తిరిగే చిన్న డైనమో పెడితే పావు వాటు దాకా వచ్చింది, కానీ కాలికి అడ్డం, విరగడం ఖాయం. పైగా పీజో పలక పింగాణీ లాంటిది. రాయి మీద అడుగు పడితే పగులుతుంది, నీళ్లు చేరితే కరెంటు కారిపోతుంది. వరి మడిలోకి చెప్పులే వేసుకోని నేల మనది.

చెప్పుల్లో చార్జర్ అని ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్మితే వద్దు. బడి సైన్స్ ఫెయిర్‌కు మాత్రం బంగారంలాంటి ప్రయోగం: 35 మిల్లీమీటర్ల పీజో బిళ్లలు ఎనిమిది తీసుకుని, ఒక్కోదానికి ఒక బ్రిడ్జి కట్టి (అన్నిటికీ కలిపి ఒకటే కడితే ఒకదాని కరెంటు ఇంకోదానిలోకి పోతుంది), 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ నింపి ఎల్ఈడీ మినుకు చూపించండి. బిళ్ల మొత్తం కింద చదునుగా అతికిస్తే వంగదు, వంగకపోతే కరెంటు రాదు. అంచులు ఆనించి నడుమ ఖాళీ వదలాలి.

మోకాలికి కట్టే పరికరంతో పరిశోధకుడు మాక్స్ డోనెలాన్ బృందం 2008లో రెండు కాళ్లకూ కలిపి సగటున 5 వాట్లు తీసింది. కాలు ముందుకు ఊగి ఆగే క్షణంలో కండరం ఎట్లాగూ బ్రేకు వేస్తుంది, ఆ బ్రేకు పనిని జనరేటరుకు అప్పగించడమే అందులోని తెలివి. అయితే కాలికి 1.6 కిలోల బరువు. ఇంకో పరిశోధకుడు లారెన్స్ రోమ్ 2005లో చూపిన ఊగే వీపు సంచి 7.4 వాట్ల దాకా ఇచ్చింది, 20 నుంచి 38 కిలోల మోతతో. గొంగడి, సద్దిమూట, నీళ్ల సీసా మోసే కాపరి భుజం మీద అంత బరువు ఉండదు, ఉండకూడదు.

పోచంపల్లి, పుట్టపాక, నారాయణపేట, గద్వాలల్లో మగ్గం తొక్కుడు పలకలకు డైనమో కట్టొచ్చా అన్న ప్రశ్న కూడా వస్తుంటుంది. కట్టొద్దు. మగ్గం పలకకు వేగం ఉండదు, ఆగి ఆగి కదులుతుంది, కాబట్టి వచ్చేది అతి కొద్ది. ఆ కొద్దీ నేత మనిషి మోకాలి నుంచే పోవాలి. చీర లెక్కన కూలి దొరికే పనిలో కాలు అలసిపోతే ఆ నష్టం ఏ దీపం పూడ్చదు.

సోలార్ పలకతో పోల్చి చూడకుండా కొనొద్దు

10 వాట్ల పలక మన వైపు మంచి ఎండ రోజున 30, 35 వాట్-అవర్లు ఇస్తుంది, అంటే తొక్కుడు స్టాండు మీద గంట చెమటతో సమానం. మంద కాపరులకు మా సలహా ఇదే: మడత పలక, చిన్న పవర్ బ్యాంకు, నొక్కుడు టార్చి. పలకను దొడ్డి కాడ ఎండలో పరిచి, పవర్ బ్యాంకును దాని నీడన పెట్టాలి. పెంటల్లో చెట్ల నీడ అసలు చిక్కు: ఒక కొమ్మ నీడ పలక మూల మీద పడినా కరెంటు సగానికి పైగా పడిపోగలదు. మోడమైన శ్రావణ భాద్రపదాల్లో మూడు నాలుగు రోజులు వరుసగా పలక మూడో వంతు కూడా ఇవ్వకపోవచ్చు. తొక్కుడు స్టాండుకు పెంటలో చోటు దొరికేది ఆ రోజుల కోసమే. రోజూ సైకిల్ తొక్కే పిల్లలకు మాత్రం పలకతో పని లేదు, డైనమో చాలు.

ఏది కొన్నా డబ్బులిచ్చే ముందు ఇది చేయండి: పాత యూఎస్‌బీ కేబుల్ ఒకటి కోసి, ఎరుపు, నలుపు తీగల మధ్య 10 ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టరు కలిపి వెంట తీసుకెళ్లండి, ఒక మల్టీమీటర్ కూడా. పరికరాన్ని మీరు నిజంగా ఎంత వేగంతో తిప్పగలరో అంతే వేగంతో రెండు నిమిషాలు తిప్పండి. రెసిస్టరు కొసల మధ్య 4.75 వోల్టులకు తగ్గకుండా నిలిస్తే అది రెండుంపావు వాట్లు నిజంగా ఇస్తున్నట్టు. మూడు వోల్టులకు పడితే వాటు కూడా లేదు. రెసిస్టరు వేడెక్కుతుంది, వేళ్లు తగలనీయకండి.